ఇంటర్వ్యూలు అయిపోయాక ‘పద్ధతి ఏది’ అని అడుగుతున్నారు

నీలిగన్నేరు
ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) రెండో సంవత్సరం. క్షయ మందులు మధ్యలో ఆపేసినవారు ఎందుకు ఆపారన్నది నా థిసిస్ అంశం. ఇరవైకి పైగా ఇంటర్వ్యూలు చేశాను, అన్నీ టైపు చేయించాను. రంగురంగుల హైలైటర్లతో గీతలు గీసి వందకు పైగా కోడ్‌లు (మాటల ముక్కలకు పెట్టే చిన్న పేర్లు) కూడా రాసుకున్నాను. గొడవ ఇప్పుడు మొదలైంది. ప్రోటోకాల్‌లో గైడ్ గారు ‘గ్రౌండెడ్ థియరీ’ అని రాయించారు. కో-గైడ్ గారేమో ‘థిమాటిక్ అనాలిసిస్ అని మార్చు’ అంటున్నారు, అంటే కోడ్‌లను కలిపి థీమ్‌లుగా కూర్చడం. మొన్న డిపార్టుమెంటులో ఒకరు ఇద్దరితో విడివిడిగా కోడింగ్ చేయించి కప్పా విలువ (ఇద్దరి కోడింగ్ ఎంత కలిసిందో చెప్పే అంకె) చూపించమన్నారు. ఇంకొకరు శాంపిల్ సైజు ఏ ఫార్ములాతో వచ్చిందని అడిగారు. ఈ నలుగురినీ ఒప్పించే పద్ధతి ఏదైనా ఉందా? లేక చేసే పని ఒకటే అయినప్పుడు ఏ పేరు పెట్టినా ఒకటేనా?

మిరపతోట
నలుగురినీ ఒప్పించే పద్ధతి ఉంది. వైవా రోజున మంచి భోజనం పెట్టించడం.

పాత_సర్వేయర్
మిరపతోట హాస్యం పక్కన పెడితే, అమ్మా, ముందు ఒక్క సంగతి చెప్పు. కొన్ని ఇంటర్వ్యూలు చేసి, చదివి, వాటిలో కనిపించినదాన్ని బట్టి తరువాత ఎవరిని కలవాలో నిర్ణయించుకున్నావా? లేక జాబితా ముందే తయారు చేసుకుని అందరినీ వరుసగా కలిసేసి, అంతా అయ్యాక కోడింగుకు కూర్చున్నావా?

నీలిగన్నేరు
రెండోదే. టీబీ యూనిట్ రిజిస్టరు నుంచి పేర్లు తీసుకున్నాను. ప్రశ్నల పట్టిక కూడా మొదటి నుంచి చివరిదాకా ఒకటే.

పాత_సర్వేయర్
అయితే అది గ్రౌండెడ్ థియరీ కాదు. ఇందులో అభిప్రాయభేదానికి చోటు లేదు. ఆ పద్ధతికి ప్రాణమే సేకరణ, విశ్లేషణ ఒకదాని వెంట ఒకటి నడవడం. అయిదారు ఇంటర్వ్యూల్లో ‘మందుల డబ్బా ఇంట్లో ఎవరికీ కనిపించకుండా దాచాను’ అన్న మాట పదే పదే వస్తే, తరువాత దాచాల్సిన అవసరం లేనివాళ్లను వెతికి కలుస్తారు. అలా పోల్చుకుంటూ పోయి చివరికి ఒక ప్రక్రియను వివరించే సిద్ధాంతం కడతారు. నువ్వు చేసింది అది కాదు, అందులో తప్పేమీ లేదు కూడా. కానీ అంతా అయ్యాక పద్ధతికి పేరు వెతకడం పెళ్లయ్యాక జాతకాలు కలపడం లాంటిది. మన దగ్గర చాలా థిసిస్‌లలో జరుగుతున్నది ఇదే.

ఎడిన్‌బరో_ఎండ
సర్వేయర్ గారి మాటకు కొసరు. ‘గ్రౌండెడ్ థియరీ’ అని రాయించినవారిని ‘ఎవరిది’ అని అడగండి. బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ 1960లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రుల్లో పనిచేశారు. చావుకు దగ్గరైన రోగికి ఆ సంగతి ఎంతవరకు తెలుసు, సిబ్బంది ఎంత దాస్తారు అన్నది చూశారు. ఆ పుస్తకం 1965లో వచ్చింది, ఆ పని ఎలా చేశారో చెప్పిన పద్ధతి పుస్తకం 1967లో. అంటే ఈ పద్ధతి పుట్టిందే ఆసుపత్రి వార్డుల్లో. తరువాత ఇద్దరికీ చెడింది. 1990లో స్ట్రాస్, జూలియట్ కార్బిన్‌తో కలిసి దశలవారీ పుస్తకం రాశారు. 1992లో గ్లేజర్ దాన్ని ఉతికి ఆరేశారు. ఆ తరువాత క్యాథీ చార్మాజ్ ఇంకో దారి పట్టారు. పరిశోధకుడు బయట నిలబడి చూసేవాడు కాదు, అర్థాన్ని కట్టడంలో అతనికీ పాత్ర ఉంది అన్నారు. మూడింటికీ పేరు ఒకటే, మెథడ్స్ అధ్యాయంలో రాయాల్సినవి మాత్రం వేరు వేరు.

సంఖ్యాశాస్త్రి
నేను బయటివాడిని, గణాంకాల మనిషిని. తిట్టకండి. ఇరవై మంది చెప్పిన కథలు చదివి ‘అయిదు థీమ్‌లు వెలికివచ్చాయి’ అని రాస్తారు. ఇంకొకరు అవే చదివితే అవే అయిదు వస్తాయా? రావని మీరే ఒప్పుకుంటారు. మరి కప్పా అడిగిన ఆయన అడగకూడనిది ఏం అడిగారు?

వార్డు_దీపం
అడగవచ్చు, మీ ప్రశ్నకు జవాబు ఉంది. కానీ ముందు ఇంకో మాట. మీ దగ్గర మాత్రల లెక్క ఉంటుంది. ఫలానా వ్యక్తి మూడో నెలలో ఆపేశాడని అది చెబుతుంది. ఎందుకు ఆపాడో చెప్పదు. క్షయ మందు రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ-ఎరుపు రంగులో వస్తుంది, ప్రమాదం లేదు. ఆ సంగతి ముందుగా చెప్పకపోతే మనిషి రక్తం అనుకుంటాడు. సర్వేలో ‘దుష్ప్రభావాలు: అవును/కాదు’ అని పెడితే ఈ భయం ఏ గడిలో పడుతుంది?

సంఖ్యాశాస్త్రి
‘ఇతరములు’ గడిలో 😀

డాక్టర్_కాకినాడ
నవ్వకండి, నిజంగానే అక్కడే పడుతుంది. అక్కడి నుంచి ఎవరూ బయటికి తీయరు.
కమ్యూనిటీ మెడిసిన్‌లో చాలాకాలంగా ఉన్నాను కనుక ఆ కప్పా అడిగిన పెద్దమనిషి తరఫున ఒక మాట. మేము నేర్చుకున్నది ఎపిడెమియాలజీ. పక్షపాతం తగ్గించడమే మా శిక్షణ అంతా. మా పత్రికలూ అలాగే ఉండేవి. 2016లో 11 దేశాల నుంచి 76 మంది సీనియర్ పరిశోధకులు బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికకి బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది, ఇలాంటి గుణాత్మక పరిశోధనలను ప్రాధాన్యం లేనివని వెనక్కి పంపడం మానండి అని. కాబట్టి ఆయన అడిగింది దురుద్దేశంతో కాదు, అలవాటుతో.

ఎడిన్‌బరో_ఎండ
సంఖ్యాశాస్త్రి గారి ప్రశ్నకు వస్తాను. ‘థిమాటిక్ అనాలిసిస్’ అన్న గొడుగు కింద కనీసం మూడు రకాలున్నాయి. ఒకటి, కోడ్‌లను ముందే నిర్వచించి ఇద్దరు ముగ్గురు విడివిడిగా వేసి, ఎంత కలిసిందో కొలిచేది. ఇక్కడ కప్పాకు అర్థం ఉంది. రెండు, కోడ్‌బుక్ రకం. ఒక పట్టిక ఉంటుంది, దారిలో మారుతుంది, ఏకీభావాన్ని లెక్క కట్టడం తప్పనిసరి కాదు. మూడు, వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్‌లది. 2006లో వాళ్లు రాసిన వ్యాసాన్ని అందరూ ఉదహరిస్తారు, చదివేది కొందరే. ఆరు దశలు అందులోవే. ఆ ఆరు దశలనూ వంట పుస్తకంలా వాడుతున్నారని 2019లో మళ్లీ రాసి, తమ పద్ధతికి ‘రిఫ్లెక్సివ్’ అని విశేషణం తగిలించారు. అందులో ఇద్దరు ఒకేలా కోడ్ చేయాలన్న ఆశయమే లేదు. చదివే మనిషి చూపు అక్కడ లోపం కాదు, పనిముట్టు. అందుకే ‘థీమ్‌లు వెలికివచ్చాయి’ అన్న మాటంటే వాళ్లకు ఒళ్లు మంట. ట్రాన్స్‌క్రిప్టులో (టైపు చేసిన ఇంటర్వ్యూలో) థీమ్‌లు దాక్కుని లేవు, మీరు కట్టారు, కట్టానని ఒప్పుకోండి అంటారు.
బ్రౌన్, క్లార్క్‌లను ఉదహరించి, కింద కప్పా 0.82 అని రాసే వ్యాసాలు కొల్లలు. ఆ రెండూ ఒకే పేజీలో ఇమడవు.

సంఖ్యాశాస్త్రి
సరే, నా సామాను గురించి నేనే ఒకటి చెబుతాను. కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా అనుకోకుండా కలిసే ఏకీభావాన్ని తీసేసి మిగిలినదాన్ని కొలుస్తుంది. దానికి ఇద్దరి ముందూ ఒకే యూనిట్లు ఉండాలి. వంద ఎక్స్‌రేలు, ఇద్దరు డాక్టర్లు, ప్రతిదానికీ ఉంది/లేదు. మీ ఇంటర్వ్యూలో యూనిట్ ఏది? వాక్యమా, పేరానా? ఒకరు రెండు వాక్యాలకు కోడ్ వేసి ఇంకొకరు అయిదు వాక్యాలకు వేస్తే కలిసినట్టా, కానట్టా? యూనిట్లు ముందే విడగొట్టకపోతే వచ్చే అంకెను నేను నమ్మను. కనుక కప్పా అడిగినవారిని ‘ఏ యూనిట్ మీద’ అని అడగండి.

వార్డు_దీపం
చూశారా, మా మనిషి అయిపోయారు.

సంఖ్యాశాస్త్రి
కాలేదు. శాంపిల్ సైజు సంగతి ఇంకా తేలలేదు.

పాత_సర్వేయర్
అది తేలే విషయం కాదు నాయనా. గెస్ట్, బన్స్, జాన్సన్‌లు 2006లో ఘనా, నైజీరియాల్లో మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలను తిరగేసి, మొదటి 12లోనే దాదాపు అన్ని కోడ్‌లూ వచ్చేశాయని రాశారు. అంతే, ఊరూరా పన్నెండు పట్టుకున్నారు. వాళ్లు కలిసింది చాలావరకు ఒకే తరహా మనుషులను, అడిగింది పరిమితమైన ప్రశ్నలు అన్న సంగతి వదిలేశారు. కూలి మనిషి, టీచరు, పుట్టింట్లో ఉన్న బాలింత, మూడోసారి జబ్బు తిరగబెట్టిన ముసలాయన, అందరినీ కలిపితే పన్నెండు ఎక్కడికి చాలుతుంది?

ఎడిన్‌బరో_ఎండ
హెన్నింక్ బృందం 2017లో ఇంకో తేడా చూపించింది. 9 ఇంటర్వ్యూలకే కొత్త కోడ్‌లు రావడం ఆగిపోయింది. కానీ ఆ కోడ్‌లు నిండుగా అర్థం కావడానికి 16 నుంచి 24 దాకా పట్టింది. ‘అవమానం’ అన్న కోడ్ మూడో ఇంటర్వ్యూలోనే దొరకవచ్చు. అది ఇంట్లోనా, పనిలోనా, సెంటరులోనా, ఎవరి ముందు అన్నది తెలియడానికి ఇంకా చాలామందిని వినాలి. మాల్టెరూడ్, సహచరులు 2016లో అసలు ‘శాచురేషన్’ (కొత్తవి రావడం ఎక్కడ ఆగిందన్న) లెక్క వదిలి ‘సమాచార బలం’ చూడమన్నారు. లక్ష్యం ఎంత ఇరుకుగా ఉంది, మనుషులు ఆ అంశానికి ఎంత దగ్గరివారు, సంభాషణ ఎంత లోతుగా సాగింది వంటివి. ఇరవై చిల్లరకు సమర్థన రాయడానికి నీలిగన్నేరు గారికి ఇది ఫార్ములా కన్నా ఎక్కువ పనికొస్తుంది.

నీలిగన్నేరు
అంతా అర్థమవుతోంది, కానీ నా బల్ల మీద ఇంకా వంద కోడ్‌లు ఉన్నాయి. వాటిని గుంపులు చేస్తే ‘ఆర్థిక కారణాలు’, ‘సామాజిక కారణాలు’, ‘ఆరోగ్య వ్యవస్థ కారణాలు’, ‘మందుల దుష్ప్రభావాలు’ అని వచ్చింది. ఇవి థీమ్‌లేనా?

వార్డు_దీపం
కావు. ఇవి ఇంటర్వ్యూలు చేయకముందే రాయగలిగిన శీర్షికలు. ఒక ఉదాహరణ రాస్తాను. ఇది ఏ రోగి మాటా కాదు, వార్డులో వినే ధోరణిలో నేను కల్పించినది.
“చెప్పినట్టే మందులు మొదలుపెట్టాను. మొదటి రోజు నుంచే మూత్రం ఎర్రగా వచ్చింది, రక్తమేమో అనుకున్నాను. సెంటరులో అడుగుదామంటే వరుసలో మా వీధివాళ్లు కూడా ఉంటారు. ఇంతలో మేస్త్రీ పనికి పిలిచాడు, వెళ్లిపోయాను.”
మీ పద్ధతిలో అయితే దీన్ని మూడు ముక్కలు చేసి ఒకటి ‘దుష్ప్రభావాలు’లో, ఒకటి ‘సామాజికం’లో, ఒకటి ‘ఆర్థికం’లో వేస్తారు. మనిషి మాయమైపోతాడు. నేను చదివితే ఇక్కడ కనిపించేది ఇది: భయం వచ్చింది, అడిగేందుకు చోటు లేదు, మేస్త్రీ పిలుపు గౌరవంగా తప్పుకునే దారి అయింది. ‘అడగడానికి చోటు లేని భయం’ అని పేరు పెట్టి, మిగతా ఇంటర్వ్యూల్లో ఇలాంటిది ఉందా, భయం లేకుండా కేవలం పని కోసమే వెళ్లినవారున్నారా అని చూస్తాను. అప్పుడది థీమ్ అవుతుంది.

డాక్టర్_కాకినాడ
ఇక్కడ నాకు పేచీ ఉంది. ‘గౌరవంగా తప్పుకునే దారి’ అని ఆయన అనలేదు. మేస్త్రీ పిలిచాడు, వెళ్లాడు. కూలీ పోతే ఇల్లు గడవదు. మీరు ఆయన కడుపు సమస్యను మనస్తత్వ సమస్యగా మార్చేశారు.

వార్డు_దీపం
పేచీ న్యాయమైనదే. కానీ చూడండి, మీరూ నేనూ ఒకే నాలుగు వాక్యాల మీద వాదించుకుంటున్నాం, ఎవరి చదువుకు ఆధారం ఎక్కడుందో చూపించుకుంటున్నాం. ఇద్దరు కోడర్లు ఉండటం వల్ల అసలు లాభం ఇదే. దీన్ని ఒక దశాంశ సంఖ్యగా మార్చేస్తే ఈ వాదన కాస్తా పోతుంది.

పాత_సర్వేయర్
డాక్టరు గారి పక్షాన నేను. ముందు మనిషి చెప్పిన కారణాన్ని చెప్పినట్టుగా గౌరవించాలి, లోతులు తరువాత.

మిరపతోట
ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? మా కాలేజీలో ఎన్‌వివో లైసెన్సు అడిగితే కొత్త కుర్చీ అడిగినట్టు చూశారు.

ఎడిన్‌బరో_ఎండ
ట్యాగెట్, క్వాల్‌కోడర్ రెండూ ఉచితం, తెలుగు లిపి కూడా చదువుతాయి. కానీ ఏ సాఫ్ట్‌వేరూ విశ్లేషణ చేయదు, వెతకడం, సర్దడం సులువు చేస్తుంది, అంతే. ‘ఎన్‌వివో ద్వారా విశ్లేషించాం’ అని రాసేవారు ‘వర్డ్ ద్వారా థిసిస్ ఆలోచించాం’ అని కూడా రాయాలి.

కొత్తపేట_కుర్రాడు
ఇంత కష్టం ఎందుకు, ట్రాన్స్‌క్రిప్టులన్నీ ఏఐ చాట్‌లో పెడితే నిమిషంలో థీమ్‌లు ఇస్తుంది. నేను చూశాను, బాగానే ఇచ్చింది.

డాక్టర్_కాకినాడ
బాబూ, అవి క్షయ రోగుల మాటలు. ఊరి పేరు, వీధి, మేస్త్రీ పేరు అన్నీ అందులో ఉంటాయి. వాళ్లు సంతకం పెట్టిన సమ్మతి పత్రంలో ‘మీ మాటలు బయటి కంపెనీ సర్వరుకు పంపుతాం’ అని ఉందా? ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు గోప్యత గురించి ఏం చెబుతున్నాయో చదివి, ఎథిక్స్ కమిటీని అడిగి, ఆ తరువాత ఏదైనా చేయండి.

వార్డు_దీపం
అది ఇచ్చే థీమ్‌లు కూడా ‘ఆర్థిక కారణాలు, సామాజిక కారణాలు’ రకమే. వాటి కోసం ఇరవై ఇళ్ల గడప తొక్కనక్కరలేదు.

కొత్తపేట_కుర్రాడు
పేర్లు తీసేసి పెడితే?

డాక్టర్_కాకినాడ
పేరు తీసేసినా ‘చెరువు పక్కన టీ కొట్టు నడిపే, ఇద్దరు కవల పిల్లలున్న ఆయన’ ఎవరో ఆ ఊరందరికీ తెలుసు.

పాత_సర్వేయర్
అసలు ప్రశ్నకు తిరిగి వద్దాం. నీలిగన్నేరూ, నీ పరిస్థితికి ఫ్రేమ్‌వర్క్ పద్ధతి చూడు. 1980ల చివర బ్రిటన్‌లో జేన్ రిచీ, లిజ్ స్పెన్సర్ ప్రభుత్వ విధాన పరిశోధన కోసం తయారు చేశారు. గడువు ఉంటుంది, బృందంలో రకరకాల మనుషులుంటారు, అడగాల్సిన ప్రశ్నలు ముందే చాలావరకు తెలుసు. సరిగ్గా నీ సంగతే. ఆరోగ్య పరిశోధనలో దీన్ని ఎలా వాడాలో గేల్, సహచరులు 2013లో రాసిన వ్యాసం అందరికీ ఉచితంగా దొరుకుతుంది.
పని ఇలా ఉంటుంది. అయిదారు ఇంటర్వ్యూలు బాగా చదివి ఒక కోడ్ పట్టిక తయారు చేసుకుంటావు. దాన్ని మిగతావాటికి వేస్తావు, సరిపోనిచోట మారుస్తావు. తరువాత ఎక్సెల్‌లో ఒక పెద్ద పట్టిక: ఒక్కో అడ్డ వరుస ఒక్కో మనిషి, ఒక్కో నిలువు వరుస ఒక్కో కోడ్ గుంపు. ప్రతి గడిలో ఆ మనిషి ఆ విషయం మీద చెప్పినదాని సారాంశం రెండు మూడు వాక్యాల్లో, పక్కన ట్రాన్స్‌క్రిప్టు పేజీ నంబరు. అడ్డంగా చదివితే ఒక మనిషి కథ మొత్తం కనిపిస్తుంది, దీపం గారు చెప్పినట్టు మనిషి మాయం కాడు. నిలువుగా చదివితే ఒకే విషయం మీద అందరూ ఏమన్నారో పోల్చవచ్చు. నీ గైడ్‌లు ఇద్దరూ అదే పట్టిక ముందు కూర్చుని కొట్లాడుకోవచ్చు, నువ్వు టీ తాగవచ్చు.

ఎడిన్‌బరో_ఎండ
ఒప్పుకుంటాను, ఒక హెచ్చరికతో. గడులన్నీ నింపేసి విశ్లేషణ అయిపోయిందనుకోవడం ఇక్కడి జబ్బు. పట్టిక నిండాక అసలు పని మొదలవుతుంది. ఏ గడులు ఖాళీగా ఉన్నాయి, ఎందుకు? ఆడవాళ్ల వరుసలకీ మగవాళ్ల వరుసలకీ ఎక్కడ తేడా పడింది? అందరికీ ఉన్న కష్టాలే ఉండి, మానేసి మళ్లీ వచ్చి కోర్సు పూర్తిచేసిన ఒక్కరెవరైనా ఉంటే, ఆ వరుసను ముందు చదవండి. మీ వివరణకు అడ్డం తిరిగే మనిషిని అనుబంధంలో దాచకండి.

డాక్టర్_కాకినాడ
పోషణ భత్యం గురించి ఒక నిలువు వరుస పెట్టండి. నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలు 2018 నుంచి ఇస్తున్నారు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మీ ఇంటర్వ్యూలు ఏ కాలానివో దాన్ని బట్టి అర్థం మారుతుంది. రేటు మారకముందు చికిత్స పొందినవారినీ తరువాత పొందినవారినీ కలిపేయకండి.

నీలిగన్నేరు
ఇది నాకు తట్టలేదు, కాలం వివరం కూడా వేస్తాను. గ్రౌండెడ్ థియరీ అన్న మాట తీసేస్తున్నాను. గైడ్ గారు మొదట ముఖం మాడ్చుకున్నారు, ‘ఎవరిది సార్, గ్లేజర్‌దా చార్మాజ్‌దా’ అని అడిగాక ఫ్రేమ్‌వర్క్‌కు ఒప్పుకున్నారు.

ఎడిన్‌బరో_ఎండ
😀

డాక్టర్_కాకినాడ
ప్రోటోకాల్ మార్పు అని ఎథిక్స్ కమిటీకి రాతపూర్వకంగా తెలియజేయండి. ఎందుకు మార్చారో ఒక పేరా చాలు. థిసిస్‌లోనూ రాయండి, దాచకండి.

వార్డు_దీపం
కోరెక్ జాబితా (ఇలాంటి పరిశోధన గురించి ఏమేం రాయాలో చెప్పేది) కూడా అడుగుతారు. 2007లో వచ్చింది, 32 అంశాలు. మొదటి భాగం పరిశోధకుల గురించే: ఇంటర్వ్యూ చేసింది ఎవరు, ఏ వృత్తి, ఆ మనిషితో ముందే పరిచయం ఉందా. దాన్ని మొక్కుబడిగా నింపకండి. తెల్లకోటు వేసుకుని టీబీ యూనిట్‌లోనే కూర్చుని ‘మందులు ఎందుకు ఆపారు’ అని అడిగితే ఎవరైనా ముందు క్షమాపణ చెప్పుకుంటారు. ఆ క్షమాపణను కారణం అనుకుని కోడ్ వేసేస్తాం.

ఎడిన్‌బరో_ఎండ
అదే జాబితాలో శాచురేషన్, ట్రాన్స్‌క్రిప్టులు తిరిగి చూపించడం, ఎంతమంది కోడ్ చేశారు అన్నవీ ఉన్నాయి. మీరు చేయనివాటికి ‘చేయలేదు, ఎందుకంటే’ అని రాస్తే సరిపోతుంది. టిక్కు కోసం చేయకండి. 2014లో వచ్చిన 21 అంశాల ఎస్ఆర్‌క్యూఆర్ అనే ఇంకో జాబితా ఇంకాస్త సడలింపుగా ఉంటుంది, మీ పత్రిక ఒప్పుకుంటే అది చూడండి.

నీలిగన్నేరు
సగం వరుసలు నింపాక ఇంకో చిక్కు వచ్చింది. కొన్ని ఇళ్లలో కోడలిని ఇంటర్వ్యూ చేస్తుంటే అత్తగారు పక్కనే కూర్చున్నారు. మధ్యలో ఆమే జవాబులు చెప్పారు. టైపు చేసిన ఆయన ఇద్దరి మాటలూ ఒకే మనిషివిగా కలిపేశారు, మౌనాలు కూడా తీసేశారు. ఆ ఇంటర్వ్యూలు పక్కన పెట్టేయాలా?

పాత_సర్వేయర్
పక్కన పెట్టకు. ఆడియో మళ్లీ విను, ఎవరు ఏది అన్నారో విడదీయి. పట్టికలో ‘పక్కన ఎవరున్నారు’ అని ఒక నిలువు వరుస చేర్చు. అత్తగారు ఏ ప్రశ్నకు అందుకున్నారు, కోడలు ఎక్కడ ఆగిపోయింది అన్నది కూడా ఆ ఇంట్లో మందుల సంగతి ఎవరి చేతిలో ఉందో చెబుతుంది. అత్తగారి మాటలను కోడలి కారణాలుగా మాత్రం ఎక్కడా లెక్కవేయకు.

వార్డు_దీపం
వీలైతే, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటే, వాళ్లలో ఒకరిద్దరిని మళ్లీ విడిగా కలవండి. ఆశా కార్యకర్త ద్వారా కబురు చేస్తే ఇంట్లో అనుమానం రావచ్చు. రోగులు మందులకు ఎలాగూ వచ్చే రోజు చూసుకోండి.

నీలిగన్నేరు
ఇద్దరు మళ్లీ మందులు మొదలుపెట్టారు, కాబట్టి సెంటరుకు వస్తున్నారు. కమిటీకి అర్జీ ఈ రోజే రాస్తాను. ఆడియో వినడం మొదలుపెట్టాను. మొదటి దానిలోనే టైపు కాపీలో లేని అరపేజీ దొరికింది.

సంఖ్యాశాస్త్రి
ఆ టైపు చేసినవారికీ ఆడియోకీ మధ్య కప్పా ఎంతో లెక్క కట్టి పెట్టనా?